పెంపుడు కుక్క లైసెన్సు: చిక్కంతా టీకా పత్రం దగ్గరే

నెల్లూరు నగరంలో కుక్కను పెంచుకుంటే నగరపాలక సంస్థ నుంచి లైసెన్సు తీసుకోవాలి. ఒంగోలులోనూ అంతే. పల్లెల్లో అయితే పంచాయతీ కార్యదర్శిని అడగాలి. దరఖాస్తు పెద్ద పనేం కాదు. అయినా "మీకెందుకు సార్ శ్రమ, మొత్తం నేను చూసుకుంటా" అనేవాళ్ల చేతిలో డబ్బు పెట్టి, ఆఖరికి చెల్లని కాగితంతో వెనక్కి వస్తున్నవాళ్లున్నారు. వాళ్లని చూశాకే ఇది రాస్తున్నాను.

మామూలుగా అడిగేవి: ఆధార్ నకలు, ఇంటి పన్ను రసీదు లాంటి చిరునామా రుజువు, కుక్క ఫోటో. దాని జాతి, రంగు, వయసు, ఆడో మగో కూడా రాయాలి. దరఖాస్తు ఎవరికివ్వాలో మీ వార్డు సచివాలయంలో చెబుతారు. రుసుము కట్టిన వెంటనే రసీదు అడిగి తీసుకోండి. రసీదు లేకుండా ఇచ్చిన డబ్బుకు ఎవరూ జవాబు చెప్పరు.

ఇక అందరూ ఆగిపోయేది రేబిస్ టీకా పత్రం దగ్గర. టీకా పుస్తకం ఉంది కదా అని ధీమాగా వెళ్తారు. తీరా తెరిచి చూస్తే తేదీ, ఒక గీత సంతకం తప్ప ఏమీ ఉండవు. ఏ టీకా వేశారు, సీసా మీది బ్యాచ్ నంబరు స్టిక్కరు, వేసిన తేదీ, మళ్లీ వేయాల్సిన తేదీ, డాక్టరు సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు... ఇవన్నీ అందులో కనబడాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబరే ప్రాణం. 1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం అలాంటి పత్రం మీద సంతకం చేసే అధికారం నమోదైన పశువైద్యులకే ఉంది. ఇంటికొచ్చి తక్కువకే సూది వేసి వెళ్లే మనిషి ఎంత మంచివాడైనా, ఆయన సంతకం ఇక్కడ పనికిరాదు.

ఇంకో పొరపాటు కుక్కపిల్లను కొన్నవాళ్లకు ఎదురవుతుంది. అమ్మినవాళ్లు "అన్ని టీకాలూ అయిపోయాయి" అని పుస్తకం చేతిలో పెడతారు. అందులో ఉండేది తరచూ పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకు కలిపి వేసే టీకానే. రేబిస్ టీకా పిల్లకు మూడు నెలలు నిండాక విడిగా వేయించాల్సి ఉంటుంది. రెండు నెలల పిల్లకు రేబిస్ అయిపోయిందని రాసి ఉంటే నమ్మకండి. పుస్తకంలో యజమాని పేరు మీదేనా అన్నది కూడా చూసుకోండి.

పత్రం సరిగా లేదని తేలితే కంగారుపడొద్దు, దళారి దగ్గరికి అసలే వెళ్లొద్దు. కుక్కను ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్లి ఉన్న సంగతి చెప్పండి. డాక్టరు చూసి, అవసరమైతే మళ్లీ టీకా వేసి పత్రం రాసిస్తారు. ఏటా జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా, పశుసంవర్ధక శాఖ రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంది. ఆ రోజు గుర్తుపెట్టుకోండి.

లైసెన్సుకు వెళ్తే కుక్కను పట్టుకుపోతారని కొందరికి భయం. నిజానికి మేలు జరిగేది అక్కడే. గేటు తీసి ఉండి బయటికెళ్లిన కుక్కను నగరపాలక సిబ్బంది వీధికుక్కలతో పాటు బండిలో ఎక్కిస్తే, అది మీదని చెప్పడానికి ఆధారం ఆ లైసెన్సే. అపార్ట్‌మెంటు సంఘం కుక్కలే ఉండకూడదంటే, పెంపకాన్ని పూర్తిగా నిషేధించే హక్కు సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అయితే లైసెన్సు చేతికొచ్చిందని కుక్కను వదిలేయకూడదు. బయటికి తెస్తే గొలుసు ఉండాలి. కరిచే అలవాటుంటే మూతికి చిక్కం కట్టాలి. జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యం చేస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పొద్దున్నే స్వర్ణాల చెరువు వైపో, మాగుంట లేఅవుట్ వీధుల్లోనో తిప్పేవాళ్లు పాత పేపరు, ఒక కవరు వెంట పెట్టుకోండి. కుక్క మలంలోని నులిపురుగుల గుడ్లు మట్టిలో చాలాకాలం బతుకుతాయి. ఆ మట్టిలో ఆడేది మన పిల్లలే. ఎత్తినదాన్ని సైడు కాలువలో పడేయొద్దు.

టీకా ఏటా వేయించాలి కాబట్టి, లైసెన్సు గడువు ముగియకముందే కొత్త టీకా పత్రంతో పునరుద్ధరణకు వెళ్లండి. పాత పుస్తకం నకలు తీసి ఇంట్లో ఉంచుకోండి. కుక్కను ఎవరికైనా ఇచ్చేసినా, అది చనిపోయినా, ఆ సంగతి కార్యాలయంలో రాసిచ్చి పేరు తీయించండి.