హైస్కూల్ ట్రాక్ టీంలో మొదటి ఏడాది, 4వ పాఠం: మూడో ల్యాప్

ఫిజికల్ ఫారం (ఆడటానికి ఫిట్ అని డాక్టర్ రాసిచ్చే కాగితం), బూట్ల గొడవ పోయిన పాఠంతో వదిలింది. ఇక పరుగు. ఈ పాఠాలు చదివేది అమ్మానాన్నలు, పరిగెత్తేది పిల్లలు అని నాకు తెలుసు. రాత్రి భోజనాల దగ్గర చదివి వినిపించండి.

అమెరికా హైస్కూల్ ట్రాక్‌లో 1600 మీటర్లంటే నాలుగు ల్యాప్‌లు, అంటే ట్రాక్ చుట్టూ నాలుగు రౌండ్లు. అందరూ మైలు అనేస్తారు గానీ మైలుకు 9 మీటర్లు తక్కువ. మా అమ్మాయి తన మొదటి మీట్‌లో (పోటీలో) మొదటి ల్యాప్ 82 సెకన్లలో చుట్టేసింది, అందరికన్నా ముందు. నేను స్టాండ్స్‌లో లేచి నిలబడి ఒకటే కేకలు. రెండోది 112 సెకన్లు, మూడోది 125. ఆ మూడో ల్యాప్‌లో తొమ్మిదిమంది తనను దాటిపోయారు. చివరిది 116. మొత్తం 7 నిమిషాల 15 సెకన్లు.

కారెక్కాక "నాన్నా, మూడో రౌండ్‌లో కాళ్లు నావి కాదనిపించింది" అంది.

తప్పు మూడో ల్యాప్‌ది కాదు, మొదటిది. గన్ పేలగానే కండరాలు ఆక్సిజన్ అందేదాకా ఆగవు, ఉన్న నిల్వతో లాగించేస్తాయి. ఆయాసం ఇంకా మొదలవదు కాబట్టి ఎంత వేగంగా పోతున్నామో తెలియదు. ఆ అప్పు రెండో ల్యాప్ చివర వసూలుకొస్తుంది.

మూడో ల్యాప్ అందరికీ కష్టమే. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మొదటిసారి మైలును 4 నిమిషాల లోపు పూర్తి చేసినప్పుడు ల్యాప్‌లు ఇలా వచ్చాయి: 57.5, 60.7, 62.3, 58.9. ముందు పరిగెత్తి వేగం పట్టి ఉంచడానికి ఇద్దరు స్నేహితులున్నా ఆయనకూ మూడోదే నెమ్మది. కానీ మొదటి ల్యాప్‌కీ దానికీ తేడా 5 సెకన్లు లేదు. మా ఇంట్లో 43!

ఇప్పుడు వచ్చే మీట్‌కి లక్ష్యం లెక్క. మీ 1600 టైమ్‌లోంచి 15 సెకన్లు తీసేసి నాలుగుతో భాగించండి. మా అమ్మాయికి 7 నిమిషాలు, అంటే 420 సెకన్లు. ల్యాప్‌కి 105. 200 మీటర్లకి 52 నుంచి 53.

శనివారం ట్రాక్‌కి వెళ్లి 200 మీటర్లు ఎనిమిదిసార్లు ఆ వేగంతో పరిగెత్తించండి, మధ్యలో 200 నడక. స్టాప్‌వాచ్ మీ దగ్గరే ఉంచుకోండి, పిల్లకి చూపించకండి. గీత దాటగానే ఎంతలో వచ్చిందో తనే చెప్పాలి, ఆ తర్వాత మీరు చెప్పండి. మొదట్లో 44లో వచ్చి "52 అయ్యుంటుంది" అంటారు. మాకు రెండు శనివారాలు ఇదే తంతు. అంచనాకీ గడియారానికీ తేడా 1 సెకనుకు తగ్గితే కాళ్లకు వేగం తెలిసినట్టే. పిల్లలు పందెం కడతారు, కట్టనివ్వండి.

మీట్ రోజున మొదటి ల్యాప్ మరీ నెమ్మదిగా, సిగ్గుగా అనిపిస్తుంది. అనిపించనివ్వండి. మూడో ల్యాప్ మొదలవగానే వేగం పెంచుతున్నట్టు పరిగెత్తాలి. నిజానికి పెరగదు, పడిపోకుండా ఆగుతుంది, అంతే. భుజాలు చెవుల దాకా లేస్తే దించి, చేతులు కాస్త చురుగ్గా ఊపి, ముందున్న వాళ్ల వీపు మీద చూపు పెట్టాలి.

దాటాలనుకుంటే నేరుగా ఉన్న చోటే దాటాలి. ఒక లేన్ బయట పరిగెత్తితే ల్యాప్‌కి సుమారు 7 మీటర్లు ఎక్కువ, ఆ ఎక్కువంతా మలుపుల్లోనే. ఇంకొకటి: పొట్టి పరుగుల్లోలా ఈ పరుగుకి గన్ ముందు "సెట్" అనరు. "ఆన్ యువర్ మార్క్స్", తర్వాత నేరుగా గన్.

ఎనిమిది అంచనాలూ ఎనిమిది టైమ్‌లూ పక్కపక్కన రాసి ఉంచండి. వచ్చే పాఠంలో 800 మీటర్లకి ఆ కాగితమే కావాలి.