పాత గేమ్ పెట్టె, మూడో పాఠం: యాభైని అరవై చేసే మూడు కాళ్ల స్విచ్

పోయిన పాఠంలో సెగా వాళ్ల పాత గేమ్ పెట్టె మెగా డ్రైవ్ మూత తీశాం, కార్ట్రిడ్జ్ స్లాట్ తుడిచాం. అడాప్టర్ ముల్లులో లోపలిది మైనస్, బయటిది ప్లస్ అని మీటర్‌తో నిర్ధారించుకున్నాం. ఆ చివరి పని ఎగ్గొట్టిన వాళ్లుంటే ముందు అది చేసి రండి. ఇప్పుడు కొట్లో దొరికే అడాప్టర్లన్నీ దాదాపు లోపల ప్లస్సే. ఇది మోడల్ 1 గురించి రాస్తున్న పాఠం. మోడల్ 2 లోపలి అమరిక వేరు, దాని సంగతి తర్వాత చూద్దాం.

ఈ పాఠానికి కారణం నా మేనల్లుడు. ప్లస్ టూ చదువుతున్నాడు, పర్లాకిమిడిలోనే మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. వాడికి సోనిక్ ఆట తెలిసింది ఫోన్‌లోనే. దసరా సెలవుల్లో నా పాత పెట్టె టీవీకి తగిలించి ఆడించాను. రెండు నిమిషాలు ఆడి, "మావయ్యా, ఇది నిద్రమత్తులో ఉన్నట్టుంది ఏటి?" అన్నాడు. నేను ముప్పై ఏళ్లుగా అదే వేగంతో ఆడుతున్నాను, నాకెప్పుడూ అలా అనిపించలేదు. వాడు చెప్పింది నిజమే. సరిగ్గా లెక్క వేస్తే ఆరింట ఒక వంతు నెమ్మది.

ఎందుకో చూద్దాం. మన దేశంలో పాత టీవీలది పాల్ పద్ధతి: 625 గీతలు, సెకనుకు 50 సార్లు తెర నిండుతుంది. జపాన్, అమెరికాల్లో ఎన్‌టీఎస్‌సీ: 525 గీతలు, సెకనుకు దాదాపు 60 సార్లు. ఇంటికొచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీని చూసి మొదట్లో ఈ అంకెలు ఎంచుకున్నారు. (జపాన్‌లో తూర్పు సగానికి 50 హెర్ట్జ్ కరెంటు, పడమటి సగానికి 60. టీవీ మాత్రం దేశమంతటా 60. అక్కడ ఎలక్ట్రీషియన్ పని చెయ్యడం ఎంత తలనొప్పో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.) ఆ రోజుల్లో ఆటలు రాసేవాళ్లు తెర ఒకసారి నిండితే బొమ్మ ఒక అడుగు వెయ్యాలని రాసేవారు. సెకనుకు 60 అడుగులు వెయ్యాల్సిన సోనిక్ మన దగ్గర 50 వేస్తాడు. 10 సెకన్ల పరుగుకి 12 సెకన్లు పడుతుంది. పాట కూడా సాగుతుంది. మొదటి సోనిక్‌లో ఇది బాగా తెలుస్తుంది. రెండో సోనిక్‌కి వచ్చేసరికి పాల్ పెట్టెల కోసం పాట వేగాన్ని సరిచేశారు.

పైనా కిందా కనిపించే నల్ల పట్టీలకు కారణం కూడా ఇదే. ఆట గీసేది 224 గీతలు. పాల్‌లో ఒక్కో విడతకు కనిపించే గీతలు 288. మిగిలిన 64 గీతల్లో బొమ్మ ఉండదు. 224 గీతల బొమ్మ నొక్కినట్టు పొట్టిగా కనిపించేది అందుకే. సోనిక్ లావుగా ఉంటాడనే చిన్నప్పుడు అనుకునేవాణ్ణి.

ఇక రీజియన్ లాక్, అంటే ఒక దేశం ఆట ఇంకో దేశం పెట్టెలో ఆడకుండా వేసే తాళం. బయటి నుంచి తెచ్చిన కార్ట్రిడ్జ్ పెట్టగానే కొన్ని ఆటలు పెట్టెను రెండు ప్రశ్నలు అడుగుతాయి. నువ్వు జపాన్ దానివా, బయటి దానివా? నీ టీవీ 50దా, 60దా? జవాబు నచ్చకపోతే ఈ ఆట ఎన్‌టీఎస్‌సీ పెట్టెలకు మాత్రమే అని తెర మీద ఒక ముక్క రాసి ఆగిపోతాయి. మొదటి సంవత్సరాల ఆటలు చాలావరకు ఏమీ అడగవు. తర్వాత వచ్చినవే అడుగుతాయి, బేర్ నకిల్ 3 వాటిలో ఒకటి. నింటెండో తన ఎన్‌ఈఎస్ అనే పెట్టెలో దీనికోసం విడిగా ఒక తాళం చిప్పే పెట్టింది. సెగా అంత దూరం వెళ్లలేదు. పెట్టె లోపల రెండు వైర్లకు 5 ఓల్టులు ఉన్నాయా, సున్నా ఉందా అన్నదే ఆ రెండు ప్రశ్నలకూ జవాబు. ఆ రెండు వైర్లను మన చేతిలోకి తెచ్చుకోవడమే ఈ రోజు పని.

సమురాయ్, లిటిల్ మాస్టర్ లాంటి పెట్టెలున్నవాళ్లకు ఈ బాధ లేదు. అవి నింటెండో జపాన్‌లో అమ్మిన ఫామికామ్ పెట్టెకు నకళ్లు, 60 పిన్నుల కార్ట్రిడ్జ్, తాళం లేదు. వాటి బొమ్మ బాగుచెయ్యడం వేరే పాఠం.

కావలసినవి: సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, దానితో కరిగించే లెడ్ తీగ, కొంచెం ఫ్లక్స్, కొత్త బ్లేడు, మల్టీమీటర్, మూడు కాళ్ల స్లైడ్ స్విచ్‌లు రెండు, సన్న వైరు ఒక మీటరు. స్విచ్‌కి రెండే స్థానాలు ఉండాలి. మధ్యలో ఆగేది వద్దు. అక్కడ ఆగితే వైరు ఎటూ కాకుండా గాల్లో వేలాడుతుంది, పెట్టె ఏం చేస్తుందో చెప్పలేం.

అడాప్టర్ పీకెయ్యండి. ఇనుప కవచం స్క్రూలన్నీ తీసి ఒక గిన్నెలో వేసుకోండి, అవి చాలానే ఉంటాయి. బోర్డు మీద జేపీ1, జేపీ2, జేపీ3, జేపీ4 అని తెల్లటి అక్షరాలు కనిపిస్తాయి. మొదటి రెండూ భాష జంట (జపాన్ దానివా, బయటి దానివా అన్న ప్రశ్నది), తర్వాతి రెండూ 50, 60ల జంట. ఒక్కో జంటలో ఒకటి కలిపి ఉంటుంది, ఒకటి విడిగా ఉంటుంది. కలపడానికి చిన్న రాగి గీతో, వైరు ముక్కో వాడతారు. జంటలో ఒకటి 5 ఓల్టుల వైపు, ఇంకొకటి గ్రౌండ్ వైపు వెళ్తాయి. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న కొస చిప్‌కి పోతుంది.

కలిపి ఉన్నదాన్ని ముందు తెంచండి. వైరు ముక్క అయితే కాల్చి తీసెయ్యండి. గీత అయితే బ్లేడుతో రెండు చోట్ల, వెంట్రుకవాసి దూరంలో కోసి, మధ్య ముక్కను గీకి తీసెయ్యండి. ఒక్క కోత చాలదు. ఎందుకు చాలదో నేను డబ్బులు పోసి నేర్చుకున్నాను. మొదటిసారి ఒక్క కోతే కోసి, చాల్లే అనుకుని స్విచ్ అతికించేశాను. కంటికి కనపడని రాగి పోగు ఒకటి మిగిలిపోయింది. స్విచ్ అటు తోయగానే 5 ఓల్టులూ గ్రౌండూ ఆ పోగు గుండా కలిసిపోయాయి. ఎర్ర లైటు ఆరిపోయింది, నా మొహంలో రక్తం కూడా. పెట్టెకు 5 ఓల్టులు ఇచ్చే 7805 రెగ్యులేటర్‌కి తనను తాను కాచుకునే గుణం ఉంది కాబట్టి పెట్టె బతికింది. పోగు గీకేశాక లైటు మళ్లీ వెలిగింది. కానీ ఆ పది నిమిషాల కంగారులో ఐరన్ పక్కకు తగిలి స్లాట్ ప్లాస్టిక్ ఒక మూల కరిగింది. అది ఇప్పటికీ అలాగే ఉంది.

కాబట్టి తెంచాక మీటర్‌ని బీప్‌లో పెట్టి రెండు కొసల మీదా ఆనించండి. బీప్ రాకూడదు. ఇప్పుడు చిప్‌కి పోయే కొస ఏదో కనుక్కోవాలి. వేడి పలకకు బిగించి ఉన్న 7805కి మూడు కాళ్లుంటాయి. అక్షరాలు మీకు ఎదురుగా ఉంటే ఎడమది లోపలికి వచ్చే కరెంటు, మధ్యది గ్రౌండ్, కుడిది 5 ఓల్టులు. ఒక మీటర్ పుల్లను మధ్య కాలికి, తర్వాత కుడి కాలికి ఆనించి, రెండో పుల్లతో జేపీ కొసలన్నీ తడమండి. రెండింటితోనూ బీప్ రాని కొసే మనకు కావలసింది.

స్విచ్ మధ్య కాలు ఆ కొసకు, ఒక చివర కాలు 7805 కుడి కాలికి, రెండో చివర కాలు 7805 మధ్య కాలికి. అంతే. రెండో జంటకు రెండో స్విచ్, అదే పద్ధతి. మూత వేసే ముందు, అడాప్టర్ పెట్టకముందే, 7805 మధ్య కాలికీ కుడి కాలికీ మధ్య బీప్ వస్తోందేమో స్విచ్‌లు అటూ ఇటూ తోసి నాలుగు రకాలుగానూ చూడండి. ఏ ఒక్కదాంట్లో బీప్ వచ్చినా కరెంటు ఇవ్వొద్దు.

స్విచ్ బయట పెట్టడానికి చాలామంది కేసుకి డ్రిల్ చేస్తారు. నాకు మనసొప్పదు. ఆ నల్ల ప్లాస్టిక్ మళ్లీ దొరకదు. వైర్లను గాలి సందుల్లోంచి వెనక్కి లాగి, స్విచ్‌లను రెండు వైపులా అతుక్కునే టేప్‌తో అంటించాను. చూడ్డానికి అందం లేదు, పీకితే వచ్చేస్తుంది.

స్విచ్‌ల మీద పేర్లు ఇప్పుడే రాయకండి, ఆడించి చూసి రాయండి. ఒక స్థానంలో తెర నిండి, పాట చురుగ్గా పరుగెత్తితే అది 60, సాధారణంగా అది 5 ఓల్టుల వైపు. రెండో స్విచ్‌కి తేడా తెలియాలంటే జపాన్‌లోనూ బయటా వేరే పేర్లతో వచ్చిన ఆట ఒకటి కావాలి. బేర్ నకిల్, స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ అలాంటి జంట. మొదటి భాగం కార్ట్రిడ్జ్ ఒక్కటే, స్విచ్ ఎటుంటే ఆ పేరు తెర మీదకొస్తుంది. జపాన్, 60 కలిస్తే జపాన్ పెట్టె. బయటిది, 60 కలిస్తే అమెరికా పెట్టె. బయటిది, 50 కలిస్తే మనదీ యూరప్‌దీ.

50కి కట్టుబడిన ఆట అయితే 50లోనే మొదలుపెట్టండి. ప్రశ్నలన్నీ మొదటి రెండు మూడు సెకన్లలోనే అయిపోతాయి. లోగో దాటాక, ఆట నడుస్తుండగానే స్విచ్ 60కి తొయ్యండి. బొమ్మ ఒక్కసారి ఎగిరిపడి కుదురుకుంటుంది. పెట్టెకు ఏమీ కాదు. జపాన్ కార్ట్రిడ్జ్ మన స్లాట్‌లో దూరకపోతే అది లాక్ కాదు, ప్లాస్టిక్ ఆకారం తేడా మాత్రమే. స్లాట్ అంచులు కొంచెం ఆకురాయితో అరగదీస్తే సరిపోతుంది.

మా మేనల్లుణ్ణి పిలిచి చూపించాను. టీవీ పాతది, వెనక వి-హోల్డ్ నాబ్ ఉన్న రకం. 60కి తోయగానే బొమ్మ పైకి పాకడం మొదలెట్టింది, నాబ్ కొంచెం తిప్పితే ఆగింది. సోనిక్ సన్నబడ్డాడు, పరుగెత్తాడు. వాడు మెచ్చుకుంటాడని చూస్తున్నాను. "బాగుంది మావయ్యా. కానీ రంగేది?" అన్నాడు.

నిజమే, బొమ్మంతా నలుపు తెలుపు. ఇది మీకూ జరుగుతుంది, తప్పు మీది కాదు. పసుపు వైరులో, అంటే కాంపోజిట్‌లో, వెలుగూ రంగూ ఒకే తీగలో కలిసి పోతాయి. పాల్ టీవీ రంగును 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర వెతుకుతుంది. పాల్ పెట్టెలో క్రిస్టల్ 53.20 మెగాహెర్ట్జ్, దాన్ని 12తో భాగిస్తే వచ్చేది సరిగ్గా అదే. 60కి మారగానే ఆ భాగహారం మారిపోతుంది. టీవీ వెతికే చోట రంగు ఉండదు. కొన్ని టీవీలు ఎలాగో సర్దుకుంటాయి, చాలా టీవీలు సర్దుకోవు. (క్రిస్టల్ పాల్‌దే కాబట్టి మనకొచ్చేది నిఖార్సయిన 60 కూడా కాదు, 59కి కొంచెం పైన. ఆడేటప్పుడు తేడా తెలియదు. కొన్ని ఎల్‌సీడీ టీవీలు మాత్రం మొహం చిట్లిస్తాయి.)

మందు పెట్టె వెనకాలే ఉంది. 8 పిన్నుల ఆ గుండ్రటి సాకెట్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ వేరువేరుగా ఎప్పటినుంచో బయటికి వస్తున్నాయి. వాటిని రంగు అల మీద ఎక్కించరు కాబట్టి 50 అయినా 60 అయినా రంగు పోదు. ఇప్పటిదాకా కాంపోజిట్‌లో అక్షరాల అంచుల వెంట పాకిన ఇంద్రధనుస్సు గీతలు కూడా పోతాయి.

వచ్చే పాఠంలోగా ఇవి సంపాదించండి: 8 పిన్నుల డిన్ ప్లగ్ ఒకటి, 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లు మూడు, సింక్ తీగ (తెర ఎప్పుడు నింపడం మొదలెట్టాలో టీవీకి చెప్పేది) కోసం 470 ఓంల రెసిస్టర్ ఒకటి, ఆర్‌జీబీని, అంటే ఆ మూడు రంగులను, కాంపొనెంట్‌గా మార్చే చిన్న డబ్బా ఒకటి. మన టీవీలకు యూరప్‌లో ఉన్న 21 పిన్నుల స్కార్ట్ సాకెట్ రాలేదు. 2000ల తర్వాతి 29 అంగుళాల ఫ్లాట్ సీఆర్‌టీల్లో చాలావాటికి డీవీడీ కోసం ఆకుపచ్చ, నీలం, ఎరుపు కాంపొనెంట్ సాకెట్లు మూడు ఉంటాయి, మనకు అవి చాలు. కబాడీ కొట్లో అలాంటిది కనిపిస్తే ముందు వెనక్కి తిప్పి సాకెట్లు చూడండి. తర్వాత ఒడియాలో "చాలుఛి కి?" (నడుస్తోందా?) అని అడిగి, అక్కడే ప్లగ్ పెట్టించి తెర వెలిగించి చూసుకోండి. తెచ్చాక వెనక మూత మాత్రం విప్పొద్దు. ప్లగ్ పీకేసినా పిక్చర్ ట్యూబ్‌లో 20 వేల ఓల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. కాంపోజిట్‌ని హెచ్‌డీఎంఐగా మార్చే చవక డబ్బా ఇంట్లో ఉంటే దాన్ని డీవీడీ ప్లేయర్‌కి వాడుకోండి. అది మన పెట్టె బొమ్మను 480 గీతల అల్లిక బొమ్మ (సగం గీతలు ఒక విడతలో, మిగతావి ఇంకో విడతలో వచ్చేది) అనుకుని కలిపేస్తుంది, సోనిక్ కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలా చీలిపోతాడు.