చెరువు కట్ట మీద ముచ్చట పెట్టాలంటే

"పర్యావరణంపై అవగాహన సదస్సు" అని బ్యానర్ కడితే ఎవరొస్తారో చెప్పనా? పంచాయతీ కార్యదర్శి, ఇద్దరు టీచర్లు, క్లాసు తప్పినందుకు సంబరపడే హైస్కూలు పిల్లలు. అదే "మన చెరువు ముచ్చట ఉంది, పొద్దుగూకే యాళ్లకు కట్ట మీదికి రండి" అంటే జాలరులొస్తారు, గీత కార్మికులొస్తారు, బర్రెలు తోలుకొచ్చినవాళ్లు కూడా ఆగి వింటారు. జీవశాస్త్రం మాస్టారుగా రిటైరైనప్పటి నుంచి జనగామ చుట్టుపక్కల ఊళ్లలో నేను చేస్తున్న పని ఇదే. మేమూ పెట్టుకుంటాం, ఎలాగో చెప్పండి అని అడిగే పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

ముచ్చటకు వారం ముందే మీరు చెరువు చుట్టూ తిరగాలి. నీళ్లొచ్చే వాగు దగ్గర మొదలుపెట్టండి. అక్కడి నుంచి తూముకు, తూము నుంచి మత్తడికి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు), మత్తడి దుంకితే ఆ నీళ్లు ఏ ఊరి చెరువులోకి పోతాయో అక్కడిదాకా వెళ్లండి. మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు నిండితేనే కిందిచెరువుకు నీళ్లు. మధ్యలో ఎవరో కాలువ పూడ్చి వెంచర్ వేస్తే కింద రెండు ఊళ్లు ఎండుతాయి. ఈ తిరుగుడులో మీ వెంట ఉండాల్సింది ఇంజినీరు కాదు, నీరటి. తూము ఎత్తి దించి నీళ్లు పంచిన కుటుంబం ప్రతి పాత చెరువుకూ ఒకటి ఉంటుంది. ఆ ఇంట్లో ముసలాయన బతికుంటే మీ అదృష్టం. పాకాల, రామప్ప చెరువులు కాకతీయులు కట్టించినవని బడిపిల్లలందరికీ తెలుసు. సొంత ఊరి మత్తడి చివరిసారి ఏ ఏడు దుంకిందో అడిగితే మాత్రం తల గోక్కుంటారు. మీ ముచ్చట మొదలవ్వాల్సింది ఆ ప్రశ్నతోనే.

రోజు, చోటు

నాట్లప్పుడు పెట్టకండి. కోతలప్పుడూ వద్దు. వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్లో కుప్పపోసి ఉంటే రైతు మనసంతా మబ్బు మీదే ఉంటుంది, మీ మాట వినడు. నాకు బాగా కుదిరిన కాలాలు రెండు. ఒకటి బతుకమ్మకు ముందు: చెరువు నిండుగా ఉంటుంది, ఆడపిల్లలు పుట్టింటికి వచ్చి ఉంటారు. రెండోది ఫిబ్రవరి మొదటి వారం: వలస పక్షులు ఇంకా వెళ్లిపోవు. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్‌లో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది కాబట్టి ఆ తారీఖు చెబితే బడి హెడ్మాస్టరు కూడా అడ్డు చెప్పడు.

పొద్దున ఉపాధి పని, సాయంత్రం పాలకేంద్రం. ఈ రెంటి మధ్య, ఎండ తగ్గిన గంట మనది. మహిళా సంఘం మీటింగ్ ఏ రోజో కనుక్కుని, అది అయిపోగానే పెట్టుకుంటే ఆడవాళ్లు ఎలాగూ ఒకచోటే ఉంటారు. చోటు కట్ట మైసమ్మ గుడి దగ్గర చెట్టు నీడ. మైకు వద్దు, కుర్చీలు వద్దు. కుర్చీలు వేస్తే ముందు వరసలో ఎవరు కూర్చోవాలన్న పంచాయితీ మొదలవుతుంది. ప్రొజెక్టరు అసలే వద్దు. చెరువును ఎదురుగా పెట్టుకుని తెర మీద బొమ్మ చూపించడమేంటి? చాటింపుకు డప్పు ఉంటే డప్పు, లేదంటే చెత్త ట్రాక్టరు మైకులో రెండు రోజులు చెప్పిస్తే చాలు.

చూపించేవి

ఒక తెల్ల పళ్లెం, దానికి తాడు, తాడుకు జానెడు జానెడుకు ముడి. ఎండ బాగా ఉన్నప్పుడే జాలరిని థర్మాకోల్ తెప్ప మీద వెళ్లి పళ్లాన్ని నీళ్లలోకి దించమనండి. ఎన్నో ముడి దగ్గర కనబడకుండా పోయిందో రాసుకోండి. శాస్త్రవేత్తలు సెక్కీ పళ్లెం అనేది ఇదే. మూడు నెలలకోసారి అదే చోట దించితే నీరు బాగుపడుతోందో చెడుతోందో పిల్లలే చెబుతారు. వాన వెలిసిన మర్నాడు మాత్రం దించకండి, ఒండ్రు వల్ల లెక్క తప్పుతుంది.

రెండు గాజు సీసాలు కూడా పెట్టుకోండి. ఒకదాంట్లో మత్తడి దగ్గరి నీళ్లు, ఇంకోదాంట్లో ఊరి మోరీ (మురుగు కాలువ) వచ్చి కలిసే చోట పట్టిన నీళ్లు. మూత తీసి వాసన చూడమంటే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. గుర్రపు డెక్క సంగతి అప్పుడు ఎత్తండి. దక్షిణ అమెరికా నుంచి పూలు అందంగా ఉన్నాయని తెచ్చుకున్న మొక్క అది. మోరీ నీళ్లలోని నత్రజని, భాస్వరం దానికి మేత. అనువైన కాలంలో రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దాని గింజలు బురదలో ఏళ్లతరబడి పడి ఉంటాయి. అందుకే జేసీబీ పెట్టి తీయించి, ఫొటో దిగి, మోరీని అలాగే వదిలేసిన చెరువులో మళ్లీ అదే పచ్చతివాచీ. ఈ మాట వినగానే "మరి మోరీ ఎటు మళ్లించాలి సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మీరు జవాబు చెప్పకండి. సర్పంచ్ వైపు చూడండి.

ఇక అసలు రుచి ఇక్కడుంది: మాట్లాడాల్సింది మీరు కాదు. జాలరిని కొర్రమీను గురించి చెప్పమనండి. తెలంగాణ రాష్ట్ర చేప అని మీరు ఒక్క ముక్క అందించి ఊరుకోండి. అది నీటి పైకి వచ్చి గాలి పీలుస్తుందని, అందుకే బురద మిగిలినా బతుకుతుందని ఆయనే చెబుతాడు. వానకాలంలో ఎర్రని పిల్లల గుంపు నీటి పైపైన తిరుగుతుంటే కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ కాపలా చేపను పట్టేస్తే పిల్లలన్నీ మిగతా చేపల నోట్లోకే. ఒక ఊళ్లో ఈ మాట చెబుతూ ఒక పెద్దాయన పక్కనున్న కుర్రాడితో, "మొన్న నువ్వు గాలమేసింది గా గుంపు మీదనే కాదురా?" అన్నాడు. అందరూ నవ్వారు, వాడు తల దించుకున్నాడు. నేను గంటసేపు చెప్పినా అంత పని జరిగేది కాదు.

గీత కార్మికుడు ఉంటే గిజిగాడి వంతు. గూడు అల్లేది మగపిట్ట, వచ్చి చూసి నచ్చితే ఒప్పుకునేది ఆడపిట్ట. నచ్చకపోతే సగం గూడు అలాగే ఈతచెట్టుకు వేలాడుతుంది. పిల్లలు ఇది వింటే ఇంటికెళ్లేలోపు చెట్లన్నీ వెతుకుతారు. గింజలు తినే పిట్ట కదా, పొలానికి నష్టం అని రైతు అంటే, పిల్లలకు అది పెట్టేది పురుగులనని గుర్తుచేయండి. పాలపిట్ట పేరు ఎత్తితే, దసరాకు దాన్ని పంజరంలో పెట్టి చూపించి డబ్బులడగడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమని కూడా చెప్పేయండి.

ఆడవాళ్లను తంగేడు, గునుగు ఎక్కడ తెంపుకొస్తున్నారో అడగండి. మొదట మొహమాటపడతారు, తర్వాత ఆగరు. "గుట్ట కింద మస్తు ఉండె, ఇప్పుడాడ ప్లాట్లైనయి" అని ఒకరు, "చెలకల గడ్డిమందు కొడుతున్రు, ఇంక గునుగు యాడికెళ్లి మొలుస్తది?" అని ఇంకొకరు. బీడు, చెలక గట్టు, గుట్ట వాలు ఎంత తరిగిపోయాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి లెక్క నాకు తెలియదు. గునుగుకు అద్దే రసాయనపు రంగులు బతుకమ్మతోపాటు చెరువులోకే పోతాయని కూడా వాళ్ల నోటే వస్తుంది. రాకపోతే మీరు బలవంతంగా అనిపించకండి. పండుగ మీద పాఠం చెప్పేవాణ్ని ఏ ఊరూ రెండోసారి పిలవదు.

శిఖం భూమి గొడవ

ఇది వస్తుంది, తప్పదు. చెరువు గురించి మాట్లాడి శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) జోలికి పోకుండా ఉండలేం. ఎవరో లేచి "ముందు ఫలానా ఆయన కబ్జా సంగతి తేల్చుండ్రి" అంటారు, ఆ ఫలానా ఆయన తమ్ముడు అక్కడే కూర్చుని ఉంటాడు. నేను చేసేది ఇంతే: ఊరి నక్ష (పటం) నకలు ముందుగానే తెచ్చి నేల మీద పరుస్తాను. చెరువు నిండినప్పుడు నీళ్లు ఎందాకా నిలిచేవో నీరటి ఇంటి పెద్దాయన్ను వేలు పెట్టి చూపించమంటాను. పేర్లు ఎవరివీ ఎత్తను, ఎత్తనివ్వను. హద్దు కొలవడం రెవెన్యూ, నీటిపారుదల శాఖల పని. గ్రామసభలో తీర్మానం పెట్టి వాళ్లను అడగొచ్చు. కట్ట మీద కూర్చుని తీర్పు చెప్పడం మొదలుపెడితే వచ్చే నెల సగం ఊరు రాదు.

ఇంటికి పట్టుకెళ్లే లెక్క

పొదుపు, ప్లాస్టిక్ అంటూ నీతులు వద్దు. మోదుగాకు విస్తరి కుట్టిన చేతులకు, విత్తనం బూడిదలో కలిపి దాచిన అవ్వకు మనం కొత్తగా నేర్పేదేముంది? ఆమెనే చెప్పమనండి. మీరు చెప్పదగ్గది ఒక లెక్క. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే దాదాపు 93 చదరపు మీటర్లు. ఒక్క 50 మిల్లీమీటర్ల వానకు 4,650 లీటర్లు. అంటే చిన్న ట్యాంకరు నీళ్లు మోరీలో పడి పోతున్నాయి. బలపంతో కట్ట రాయి మీదే వేసి చూపిస్తే ఇంకుడుగుంత మాట జనమే ఎత్తుతారు. ఎండిపోయిన పాత చేదబావి ఉంటే డాబా నీళ్లను జల్లెడ, ఇసుక మీదుగా అందులోకి మళ్లించే ఆలోచన కూడా అప్పుడే వస్తుంది.

పెళ్లిళ్లలో ప్లాస్టిక్ గ్లాసుల సంగతి వస్తే సిద్దిపేట వైపు ఊళ్లలోని స్టీలు బ్యాంకుల గురించి చెప్పండి. పళ్లాలు, గ్లాసులు మహిళా సంఘం దగ్గర ఉంటాయి, శుభకార్యానికి తీసుకెళ్లి కడిగి తిరిగిస్తారు. చిక్కల్లా కడిగేది ఎవరన్న దగ్గరే. అది ముందే తేల్చుకోకపోతే గిన్నెలు బీరువాలోనే ఉంటాయి. వినాయకుడి విషయంలో నేను ఎక్కువ మాట్లాడను, కుమ్మరిని పక్కన కూర్చోబెడతాను. చెరువు మట్టితో చేసినది చెరువులో ఎలా కరుగుతుందో, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ ఎందుకు కరగదో బకెట్లో వేసి ఆయనే చూపిస్తాడు.

లేచే ముందు

ముచ్చట గంట దాటనీయకండి. ఒక్క పని మాత్రమే ఒప్పుకుని లేవండి. మోరీ దగ్గర జాలీ పెట్టడమో, పళ్లెం దించే బాధ్యత ఎనిమిదో తరగతికి ఇవ్వడమో, ఏదో ఒకటి. రెండు పనులు ఒప్పుకుంటే రెండూ కావు.

ఇంకొకటి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ ఊరిది చూపించమని కార్యదర్శిని మర్యాదగా అడగండి. ఉంటే, కట్ట మీద విన్న చేపల పేర్లు, పిట్టల పేర్లు, నీరటి చెప్పిన కాలువల పేర్లు అందులో ఉన్నాయో లేదో సరిచూసి, లేనివి ఎక్కించమనండి. కాగితం మీద కమిటీ ఉండి మనుషులెవరో ఎవరికీ తెలియకపోతే గ్రామసభలో అడగాలి. అందుకే ముచ్చట జరిగేటప్పుడే చేతిరాత బాగున్న అమ్మాయికి నోటుబుక్కు ఇచ్చి, ఎవరు ఏం చెప్పారో పేరుతో సహా రాయించండి. ఆ పుస్తకం మీ దగ్గర ఉంచుకోకండి. గ్రామ గ్రంథాలయం ఉంటే అక్కడ, లేదంటే బడిలో, సంతకం చేయించుకుని ఇచ్చి రండి.