ఎండలు ముదరకముందే పాత కారుకు చేయించాల్సినవి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మా అనంతపురంలో ఆ తర్వాత ఎన్నో రోజులు పట్టదు, మధ్యాహ్నం స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. మాది 2005లో నాయన కొన్న మారుతి ఎస్టీమ్. ఆ మోడల్ తయారీ 2007లోనే ఆగిపోయింది. ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఇంట్లో ఇలాంటి పాత బండి ఉన్నవాళ్లు ఏప్రిల్ దాకా ఆగకండి. ఈ ఆదివారమే బానెట్ ఎత్తి చూడండి.

ముందు నీళ్ల సంగతి. మన సీమలో పాత కారుకు ఎండ ఎంత శత్రువో బోరు నీళ్లూ అంతే. కుళాయి మూతికి, వేణ్ణీళ్ల గిన్నె అడుగున తెల్లగా గట్టిగా పట్టే ఉప్పే ఇంజన్‌ నీళ్లను చల్లార్చే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. గొట్టాలు పూడితే ఇంజన్ వేడి బయటికి పోయే దారి ఉండదు. చలికాలంలో ఇది బయటపడదు. మే నెలలో, ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని హైవే ఎక్కినప్పుడు బయటపడుతుంది.

మాకు అలాగే అయింది. కర్నూలులో పెళ్లికి పోతుంటే పామిడి దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకు వచ్చింది. ఆపి చూస్తే ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉండే పై రబ్బరు హోస్ పైపు క్లిప్పు దగ్గర వెంట్రుకవాసి చీలిక, అందులోంచి ఆవిరి బుస్సుమంటోంది. టెన్షన్‌లో పక్క పొలంలోంచి చల్లటి బోరు నీళ్లు తెచ్చి కాలుతున్న ఇంజన్‌లోనే పోశాం. బండి కదిలింది గానీ గుత్తి చేరలేదు. మెకానిక్ డిప్‌స్టిక్ తీసి చూపిస్తే ఇంజన్ ఆయిల్ నీళ్లు కలిసి పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. ఇంజన్ పైభాగమైన హెడ్డు వంగింది, దాని కింద నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే గ్యాస్కెట్ పోయింది. కొన్ని వందలతో పోయే పైపు మమ్మల్ని హెడ్డు సాపు చేసే లేత్ షాపు దాకా తీసుకుపోయింది.

అందుకే ఇప్పుడు ఏటా మాఘమాసంలోనే రేడియేటర్ ఫ్లష్ చేయించి, అందులో పోసే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మారుస్తాను. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. రెండు రంగుల కూలెంట్లు కలపొద్దు. హోస్ పైపులను ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో నొక్కండి. మెత్తబడి ఉబ్బినా, గట్టిపడి చిన్న పగుళ్లు కనిపించినా అన్నీ ఒకేసారి మార్పించండి. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. ఆ మూత ప్రెజర్ పట్టి ఉంచితేనే కూలెంట్ తొందరగా మరగదు. ఏసీ లేకుండా బండిని నిలబెట్టి ఆన్‌లో ఉంచండి. ముల్లు సగానికి వచ్చేసరికి ఫ్యాన్ తిరగాలి, తిరగకపోతే ఆ పూటే మెకానిక్ దగ్గరికి తీసుకుపోండి.

దారిలో ముల్లు ఎక్కుతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించి పక్కకు తీయండి. ఆ ఎండలో హీటరా అనిపిస్తుంది గానీ, ఇంజన్ వేడి కొంత అటు పోతుంది. ఆపాక కనీసం అరగంట రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. వేడి మీద తిప్పితే మరిగే నీళ్లు మొహానికే కొడతాయి.

పెట్రోలు పైపుల గురించి గట్టిగానే చెప్తున్నాను. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. మన పాత బండ్ల రబ్బరు దానికోసం చేసింది కాదు, పాడై కారొచ్చు. బానెట్ కింద పెట్రోలు వాసన వస్తే తర్వాత చూద్దామనుకోవద్దు, వేడి ఇంజన్ మీద కారితే మంట అంటుకోవచ్చు.

టైర్ల అరుగుదల ఒక్కటే చూస్తే సరిపోదు, వయసు చూడండి. పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. అరగకపోయినా ఐదారేళ్లు దాటిన టైరుతో మన తారురోడ్ల మీద మే నెలలో స్పీడు వద్దు. గాలి పొద్దున్నే, బండి కదలకముందే కొట్టించండి. మూతలున్న బ్యాటరీ అయితే నెలకోసారి నీళ్లు చూసుకోండి, అందులో కూడా డిస్టిల్డ్ వాటరే.

ఎండలో ఆపిన కారులో పిల్లల్ని రెండు నిమిషాలైనా వదలొద్దు. లైటరు, సెంటు డబ్బా డ్యాష్‌బోర్డు మీద ఉంచొద్దు.

మేమిప్పుడు కర్నూలు పోవాలంటే తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరతాం. డిక్కీలో కలిపిన కూలెంట్ ఐదు లీటర్ల క్యాను, పాత టవలు, స్పేర్ హోస్ పైపు, రెండు క్లిప్పులు ఉంటాయి. డోన్ దగ్గర టీకి ఆగినప్పుడు అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, "ముల్లు యాడుంది నాయనా?" అని.