బెంగళూరులో రెండోసారి బెయిల్ పిటిషన్ వేసే ముందు జాగ్రత్తలు

ముందుగా పాత ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. మొదటి పేజీ పైన, తేదీ కింద జడ్జి పేరు ఉంటుంది. కర్ణాటక హైకోర్టులో వేసే కొత్త పిటిషన్ మామూలుగా ఆ జడ్జి ముందుకే వెళ్లాలి. ఒకరు కాదంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లే అలవాటు మంచిది కాదని సుప్రీంకోర్టు 1987లోనే, షహజాద్ హసన్ ఖాన్ కేసులో చెప్పింది. ఆ జడ్జి రిటైరైనా, బదిలీ అయినా రోస్టర్ (ఏ జడ్జి ఏ కేసులు వినాలో చెప్పే పట్టిక) ప్రకారం వేరే బెంచికి వెళ్తుంది.

ఇది రెండోదా, మూడోదా అన్నది పిటిషన్ పైనే కనబడేలా రాయాలి. 2024లో సుప్రీంకోర్టు కుశ దురుక కేసు తీర్పు చెప్పింది ఇదే. పాత పిటిషన్ల నంబర్లు, ఆర్డర్లు జతచేయాలి. వాపసు తీసుకున్నదైనా సరే, దాచొద్దు. ఊళ్లో ఉన్న బంధువులు వేరే లాయరుతో ఇంకోటి వేయించారేమో తప్పక అడగండి. ఎక్కువగా చిక్కొచ్చేది అక్కడే.

పాత వాదనే మళ్లీ వినిపిస్తే పని జరగదు. చార్జిషీటు పడటం, సహనిందితుడికి బెయిల్ రావడం లాంటి మార్పును తేదీతో సహా చూపాలి. చార్జిషీటు కన్నడలో ఉంటే చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి.

పోలీసులు చార్జిషీటు వేయాల్సిన 60 లేదా 90 రోజుల గడువు దాటినా అది పడలేదా? అప్పుడు బెయిల్ అడగడం వేరే హక్కు. చార్జిషీటు పడేలోపే, ఆ రోజే కింది కోర్టులో అడగండి.