అమెరికా ఫెడరల్ పోలీస్ పైలట్ ఉద్యోగం: దరఖాస్తు విధానం, మనవాళ్లు ఆగిపోయే చోటు

"అమెరికాలో ఫ్లైయింగ్ కోర్సు చెయ్యండి, అక్కడి గవర్నమెంట్‌లో పోలీస్ పైలట్ అవ్వండి" అని ఆశపెట్టే కన్సల్టెన్సీల మాట ముందే తేల్చేద్దాం. ఈ ఉద్యోగానికి అమెరికా పౌరసత్వం ఉండి తీరాలి. స్టూడెంట్ వీసా చాలదు, హెచ్-1బీ చాలదు, గ్రీన్ కార్డు కూడా చాలదు. హైదరాబాద్ నుంచి ఎం-1 వీసా మీద ఫ్లైయింగ్ స్కూల్‌కి వెళ్లే పిల్లలకి ఈ దారి లేదు. ఉందని చెప్పి ఎవరైనా అడ్వాన్స్ అడిగితే డబ్బు చేతిలో పెట్టకండి.

ఇక మిగిలింది అక్కడే పుట్టినవాళ్లు, చిన్నప్పుడు వెళ్లి సిటిజన్‌షిప్ తీసుకున్నవాళ్లు. డాలస్, ఎడిసన్ లాంటి చోట్ల ఇలాంటి పిల్లలు బాగానే ఉన్నారు. కింద రాసిందంతా వాళ్లకీ, వాళ్ల అమ్మానాన్నలకీ.

నేరుగా పైలట్‌గానే తీసుకునే ప్రధాన సంస్థ అమెరికా సరిహద్దుల్ని కాపలా కాసే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్, అంటే సీబీపీ. అందులో ఎయిర్ అండ్ మెరైన్ ఆపరేషన్స్ విభాగం ఉంది. ఉద్యోగం పేరు ఎయిర్ ఇంటర్‌డిక్షన్ ఏజెంట్. బ్లాక్ హాక్, ఏ-స్టార్ హెలికాప్టర్ల నుంచి పీ-3 లాంటి పెద్ద విమానాల దాకా నడుపుతారు. నడుముకి తుపాకీ ఉంటుంది, అరెస్టు చేసే అధికారం ఉంటుంది. ఎఫ్‌బీఐలో, మాదకద్రవ్యాల మీద పనిచేసే డీఈఏలో విమానం నడిపే ఏజెంట్లు సాధారణంగా ముందు ఏజెంట్లుగా చేరి, ఆ తర్వాత పైలట్ సీట్లోకి వచ్చినవాళ్లే.

దరఖాస్తు చేసేది అమెరికా ఫెడరల్ ఉద్యోగాల వెబ్‌సైట్ యూఎస్ఏజాబ్స్‌లో మాత్రమే. పైసా ఫీజు లేదు. వయసు సాధారణంగా 40 లోపు ఉండాలి, మాజీ సైనికులకు సడలింపులున్నాయి. రెజ్యూమె రెండు పేజీలు దాటకూడదు. ఐటీ ఉద్యోగాలకి ఎనిమిది పేజీల రెజ్యూమెలు రాయడం అలవాటైన ఇళ్లలో ఇదొక్కటే కష్టంగా అనిపిస్తుంది. ఇంకో నిబంధన చాలామంది కంటికి ఆనదు: గత ఐదేళ్లలో కనీసం మూడేళ్లు అమెరికాలో నివసించి ఉండాలి. మెడిసిన్ చదువుదామని విజయవాడ వచ్చి, మనసు మార్చుకుని తిరిగి వెళ్లిన కుర్రాడు ముందు ఈ లెక్క చూసుకోవాలి. మిలిటరీలోనో ప్రభుత్వ ఉద్యోగంలోనో ఉండి విదేశాల్లో గడిపినవాళ్లకి మినహాయింపులు ఉన్నాయి.

లైసెన్స్ సంగతికొస్తే, ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చే కమర్షియల్ లైసెన్స్, పరికరాలు చూసి విమానం నడపడానికి ఇచ్చే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కావాలి. ఇండియాలో డీజీసీఏ లైసెన్స్ ఉన్నవాళ్లకి దాని ఆధారంగా ఎఫ్ఏఏ ఇచ్చేది ప్రైవేట్ లైసెన్స్ మాత్రమే, కాబట్టి కమర్షియల్ పరీక్షలు అక్కడ రాయాల్సిందే. మామూలు ఫ్లైయింగ్ స్కూల్ దారిలో 250 గంటలకి కమర్షియల్ లైసెన్స్ వస్తుంది. సీబీపీ అడిగే గంటలు అంతకంటే చాలా ఎక్కువ, పైగా నోటిఫికేషన్‌ని బట్టి మారుతుంటాయి. పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత మీదే అయ్యి, ఎన్ని, రాత్రి పూట ఎన్ని అన్నది విడివిడిగా చూస్తారు. మధ్యలో ఉన్న ఖాళీని చాలామంది ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి నింపుకుంటారు.

లాగ్‌బుక్‌లో గంటలు "సర్దేవాళ్లు" అక్కడా ఉన్నారు. పెన్నుతో ఎగిరిన గంటల్ని పైలట్లు పార్కర్-51 పెన్ను పేరు మీద పీ-51 టైమ్ అని ఎగతాళి చేస్తారు. ఎగతాళి అక్కడితో ఆగదు. తప్పుడు ఎంట్రీ బయటపడితే ఉన్న లైసెన్సులు కూడా రద్దు కావచ్చు. మీ మొత్తం గంటలు ఒక్క లాగ్‌బుక్‌లోనే లేవని గుర్తుంచుకోండి. ప్రతి రేటింగ్‌కీ ఎఫ్ఏఏకి నింపిన 8710 దరఖాస్తు ఫారంలో ఉన్నాయి, మెడికల్‌కి వెళ్లిన ప్రతిసారీ మెడ్‌ఎక్స్‌ప్రెస్ అనే ఆన్‌లైన్ ఫారంలో రాశారు. అన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. కూడికలో తేడా వస్తే ఇప్పుడే దిద్దుకోండి, దిద్దిన సంగతి లాగ్‌బుక్‌లో కనపడేలా రాయండి.

అబ్బాయిలకి ఇంకొకటి. 18 నుంచి 25 ఏళ్ల మధ్య గ్రీన్ కార్డు మీదో పౌరుడిగానో అమెరికాలో ఉన్న మగపిల్లలు సెలెక్టివ్ సర్వీస్‌లో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ఉంచే జాబితాలో, పేరు నమోదు చేసుకోవాలి. హెచ్-4 మీదో ఎఫ్-1 మీదో ఉన్నంతకాలం అక్కర్లేదు. 23 ఏళ్లకి గ్రీన్ కార్డు వచ్చింది, ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు, 26 దాటిపోయింది. ఇలాంటివాళ్లకి ఫెడరల్ ఉద్యోగం దగ్గర చిక్కొస్తుంది. దారి పూర్తిగా మూసుకుపోదు. సెలెక్టివ్ సర్వీస్ ఆఫీసు నుంచి స్టేటస్ ఇన్ఫర్మేషన్ లెటర్ తెప్పించుకుని, కావాలని ఎగ్గొట్టలేదని వివరణ ఇవ్వాలి.

ఇంటర్వ్యూ, ఫిట్‌నెస్ టెస్ట్, మెడికల్, డ్రగ్ టెస్ట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మీ రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే కావచ్చు, ఫెడరల్ ఫారంలో మాత్రం అది లెక్కలోకి వస్తుంది.

అసలు మెట్టు ఎస్‌ఎఫ్-86. బ్యాక్‌గ్రౌండ్ చెకింగ్ కోసం నింపే ఫారం. వందకి పైగా పేజీలు. ఎగరడం బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడే చతికిలపడతారు. తప్పు చేసి కాదు, ఇండియా గురించి ఏం రాయాలో తెలీక, లేదా ఎవరో "అవన్నీ రాయకు" అన్నందుకు.

పదో సెక్షన్‌లో వేరే దేశం పాస్‌పోర్ట్ ఎప్పుడైనా ఉందా అని అడుగుతారు. సిటిజన్‌షిప్ తీసుకుని ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేసినా, ఒకప్పుడు ఉన్నదే కాబట్టి వివరాలు రాయాలి. సరెండర్ సర్టిఫికెట్, పాత పాస్‌పోర్ట్ జిరాక్స్ దగ్గర పెట్టుకోండి. ఓసీఐ కార్డు ఉంటే భయపడక్కర్లేదు. భారత చట్టం ప్రకారం అది పౌరసత్వం కాదు. కార్డు ఉన్న సంగతి మాత్రం దాచకండి.

పద్దెనిమిదో సెక్షన్ బంధువులది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామలు రావాలి. అమెరికా పౌరులు కానివాళ్ల గురించి, వాళ్లకి విదేశీ ప్రభుత్వంతో, సైన్యంతో, రక్షణ పరిశ్రమతో సంబంధం ఉందా అని అడుగుతారు. హైదరాబాద్ కుటుంబాలకి ఈ ప్రశ్న మామూలుది కాదు. అన్నయ్య డీఆర్‌డీఓలో, తమ్ముడు బీడీఎల్‌లో, మావగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్‌గా చేసి పెన్షన్ తీసుకుంటున్నారు. ఉన్నదున్నట్టు రాయండి. మిస్సైళ్లు చేసే సంస్థలో బంధువు ఉన్నాడని రాస్తే ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్ పడతారు. రాయకుండా ఉండి, విచారణలో అది బయటపడితే వచ్చే నష్టం దానికంటే పెద్దది. పెదనాన్న కొడుకు ఎంత సొంత అన్నలాంటివాడైనా ఈ సెక్షన్‌లోకి రాడు. రోజూ వాట్సాప్‌లో మాట్లాడుకునేంత దగ్గరైతే పందొమ్మిదిలో, విదేశీ పరిచయాల కింద రాయాలి.

పుట్టినతేదీల గొడవ మనకి బాగా తెలిసిందే. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు వేసిన జూలై ఒకటో తేదీ ఒకటి, అమ్మమ్మ చెప్పేది ఇంకొకటి. ఆధార్‌లో, పాస్‌పోర్ట్‌లో ఉన్నది రాసి, కచ్చితంగా తెలియని తేదీల పక్కన అంచనా అని గుర్తుపెట్టే గడి వాడుకోండి. వ్యాఖ్యల గడిలో ఒక వాక్యం రాస్తే ఇంకా మంచిది. ఇంటిపేరు ముందు రాసిన పత్రాలు, చివర రాసిన పత్రాలు రెండూ ఉంటే, ఆ రెండు రూపాలూ ఇతర పేర్ల కింద చేర్చండి.

ఇరవయ్యో సెక్షన్‌లో డబ్బు, భూమి. ఎన్ఆర్ఈ ఖాతా, మీ పేరు మీదో భార్య పేరు మీదో శంషాబాద్ దగ్గర కొన్న ప్లాట్, నాన్న తర్వాత మీకు రాబోయే ఊళ్లో పొలం, ఇవన్నీ వస్తాయి. ఉన్న స్థలమే కాదు, మున్ముందు వస్తుందనుకునేదీ అడుగుతారు. నెలనెలా అమ్మానాన్నలకి పంపే డబ్బు కూడా విదేశీయులకి ఆర్థిక సాయం కిందే లెక్క. అందులో తప్పేం లేదు, తారీఖులు, అంకెలు సరిగ్గా ఉంటే చాలు. ఇండియా ప్రయాణాలు ఏడేళ్లవి కావాలి. పాస్‌పోర్ట్ స్టాంపులు చూసి రాసుకోండి, జ్ఞాపకం మీద ఆధారపడకండి.

ఈ ఫారం నింపిపెడతామని డాలర్లు తీసుకునేవాళ్లున్నారు. "ప్లాట్ సంగతి ఎవరికి తెలుస్తుంది" అనేది వాళ్ల సలహా. కింద సంతకం మీది, అబద్ధం రాస్తే ఫెడరల్ నేరం మీ మీదే, వాళ్లు ఎక్కడా కనపడరు. సబ్మిట్ చేసేముందు మొత్తం కాపీ సేవ్ చేసుకోండి, అది మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

వెంటనే పనికొచ్చేది పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే మెషీన్ పరీక్ష) ముందు రోజు. 2010 నాటి సరిహద్దు అవినీతి నిరోధక చట్టం వల్ల సీబీపీలో చేరే పోలీసు ఉద్యోగులు దాదాపు అందరికీ పాలిగ్రాఫ్ ఉంటుంది. గంటల తరబడి సాగుతుంది. ఫారంలో రాసినదానికీ నోటితో చెప్పినదానికీ పొంతన చూస్తారు. మెషీన్‌ని ఎలా మోసం చెయ్యాలో నేర్పే వీడియోలు చూడకండి. చూశారా అని కూడా అడగొచ్చు.

ఇదంతా అయ్యి ఫైనల్ ఆఫర్ వచ్చేసరికి నెలలు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఈలోపు ఉన్న ఉద్యోగం మానెయ్యకండి, ఇల్లు ఖాళీ చెయ్యకండి.

ట్రైనింగ్ జార్జియాలోని గ్లింకోలో, ఫెడరల్ పోలీసు శిక్షణ కేంద్రంలో మొదలవుతుంది. చట్టాలు, తుపాకీ, అరెస్టు, శారీరక శిక్షణ అన్నీ కొన్ని నెలల పాటు ఉంటాయి. ఎంత మంచి పైలట్ అయినా ఇక్కడ ఫెయిలైతే ఉద్యోగం నిలవదు. కొత్తగా చేరేవాళ్లు చాలామంది విమానం గురించే ఆలోచిస్తూ వెళ్లి, లా పరీక్షల దగ్గర ఇబ్బంది పడతారు. ఆ తర్వాత ఓక్లహామా సిటీలో విభాగం సొంత ఎయిర్ ట్రైనింగ్ సెంటర్ ఉంది. పోస్టింగ్ టక్సన్, లరేడో, మెకాలెన్ లాంటి సరిహద్దు ఊళ్లలో పడే అవకాశం ఎక్కువ. రాత్రి డ్యూటీలు, సెలవు రోజుల్లో పిలుపులు మామూలు. నోటిఫికేషన్‌లో ఊళ్ల జాబితా ఉంటుంది. టిక్ పెట్టేముందు దాన్ని ఇంట్లో కూర్చోబెట్టి అందరికీ చూపించండి.