లోన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు

బ్యాంకులో ఇరవై రెండేళ్లు లోన్ ఫైళ్లు చూసి రిటైరయ్యాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పై పోర్షన్ వాళ్ల అమ్మాయికి కన్వీనర్ కోటాలో ఇంజనీరింగ్ సీటొచ్చింది. వాళ్ల నాన్న ఫీజు చీటీ పట్టుకొని కిందికి దిగాడు. "అంకుల్, ఇందులో ఏది కట్టాలె, ఏది కట్టొద్దు?"

ముందు ఆ చీటీ పక్కన పెట్టమన్నాను. కాలేజీ తనకు తోచిన ఫీజు రాసుకోవడానికి లేదు. రిటైర్డ్ జడ్జి ఆధ్వర్యంలో కమిటీ ఉండాలని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర అది టీఏఎఫ్‌ఆర్‌సీ, అంటే తెలంగాణ ప్రవేశాల, ఫీజుల నియంత్రణ కమిటీ. కాలేజీవారీగా మూడేళ్లకు ఫీజు ఖరారు చేస్తుంది. (డీమ్డ్ యూనివర్సిటీలు దీని కిందికి రావు, అక్కడ ఇంకా జాగ్రత్త.) ఆ ఉత్తర్వు ప్రింటు తీసి, చీటీలో ఒక్కో లైనుకూ పెన్సిల్‌తో టిక్కు పెట్టించాను. ట్యూషన్ ఫీజుకు పడింది. "స్కిల్ డెవలప్‌మెంట్ 40,000" దగ్గర పెన్సిల్ ఆగిపోయింది.

డొనేషన్ అని ఎవరూ రాయరు కదా! క్యాపిటేషన్ ఫీజును, అంటే సీటు కోసం ఖరారైన ఫీజుకు మించి గుంజే సొమ్మును, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983 చట్టమే నిషేధించింది. అలాంటి లైనుకు రసీదు ఇస్తారా అని అడగండి. రసీదు లేని సొమ్ముకు బ్యాంకు లోన్ ఇవ్వదు, బంగారం కుదువ పెట్టాల్సిందే. ఇళ్లు మునిగేది అక్కడే.

తర్వాత కిస్తు లెక్క. లాభాపేక్షతో నడిచే కాలేజీలకు అమెరికా పెట్టిన గీటురాళ్లలో ఒకటి నాకు నచ్చుతుంది: చదివినవాళ్ల ఏడాది లోన్ కిస్తులు వాళ్ల ఏడాది ఆదాయంలో 8 శాతం దాటకూడదు. 2019లో రద్దు చేశారు, 2023లో మళ్లీ తెచ్చారు. మనం వాడుకుంటే ఎవరొద్దంటారు? మొదటి జీతం ఏటా మూడున్నర లక్షలనుకుందాం. 8 శాతమంటే 28,000, నెలకు 2,333. పది శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే లోన్ లక్షా డెబ్బై ఆరు వేలు మించకూడదు. వీళ్లకు కావాల్సింది 6 లక్షలు, కిస్తు సుమారు 7,930. ఆయన చాలాసేపు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఎలాగూ తీసుకుంటారు కాబట్టి, చదువు నడుస్తుండగానే నెలనెలా వడ్డీ అయినా కట్టండి. కిస్తు ఆగుతుంది గానీ వడ్డీ ఆగదు. 4 లక్షల లోపు లోన్‌కు తాకట్టు అడిగితే రిజర్వు బ్యాంకు నిబంధన గుర్తుచేయండి. కాలేజీలో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తెచ్చుకోండి.

మర్నాడు ఆయన కాలేజీకి వెళ్లి ఆ నలభై వేలకు రసీదు అడిగితే, "అది ఆప్షనల్ సార్" అన్నారట. చీటీలో ఆ మాట ఎక్కడా లేదు.